పద్నాలుగు విమానాలు, నాలుగు సెల్లు

"అల్లం చట్నీ ఉందా?" అడిగాడు ధర్మా.

"అల్లం అయిపోయింది. శొంఠి ఉంది," అన్నాడు బల్లకు అవతల కూర్చున్న మనిషి, మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించకుండానే.

ఇరవై రెండేళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న ఇద్దరు మనుషులు కోడ్‌వర్డ్ అడిగి, కోడ్‌వర్డ్ చెప్పి, ఆ తర్వాత గానీ పలకరించుకోకూడదని ఢిల్లీలో ఎవరో రూలు రాసిపెట్టారు. ఆ రాసిన మహానుభావుడు రిటైరై హాయిగా ఫ్యాను కింద పడుకుని ఉంటాడు. ధర్మా మాత్రం యాభై మూడేళ్ల వయసులో, ఎడమ మోకాలు సలుపుతుండగా, 1993 మే నెల ఎండలో సూర్యాపేట హైవే హోటల్లో కూర్చుని శొంఠి గురించి వింటున్నాడు. పొద్దున ఎనిమిదికే రేకుల కప్పు పెనంలా కాలిపోతోంది.

పేపరు దిగింది. వెనక చీఫ్ గురవయ్య.

"కూసో. టిఫిన్ చెప్పిన."

"చిత్రలేఖ దొరికిందా సార్?"

"దొరికితే నిన్నెందుకు పిలుస్త?"

చిత్రలేఖ అంటే ఆడమనిషి కాదు. హైదరాబాదులో ఒక డిఫెన్స్ లేబొరేటరీ తయారుచేసిన గ్రాఫిక్స్ చిప్‌కు పెట్టిన కోడ్‌నేమ్. వేలిగోరంత ఉంటుంది. రాడార్ పసిగట్టిన కొండల్ని, లోయల్ని రెప్పపాటులో బొమ్మగా గీసి పైలట్ కళ్ల ముందు పెడుతుంది. మబ్బులో ఎగిరినా దారి కనబడుతుందన్నమాట. పది రోజుల కిందట అది లేబొరేటరీ నుంచి మాయమైంది. దాన్ని తయారుచేసిన కుర్ర ఇంజనీరు పౌలు, కోదాడ పక్క పల్లెటూరివాడు. అతని సొరుగులో విదేశీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి దొరికింది. ఆ చీటీ పట్టుకున్నది ఏజెంట్ నెమలి. చీటీని నమ్మి పౌలుకు బేడీలు వేసింది ధర్మా.

"పౌలు ఈడనే గెస్ట్‌హౌసుల ఉన్నడు," అన్నాడు చీఫ్. "నాలుగు గంటలకు ఢిల్లీ టీం వ్యాన్ల ఎక్కించుకొని పోతది. అటు పోయిండంటే ఇగ మన చేతుల ఏమీ ఉండదు. పదేళ్లో, పదిహేనేళ్లో."

"ఆ పిలగాడు దొంగ కాదు సార్."

"మల్ల మొదలుపెట్టినవా?"

"నేను బేడీలేస్తుంటే ఏమన్నడో ఎరుకేనా? 'నా చిప్ ఎవరి దగ్గరుందో గానీ సార్, ఎండలో పెట్టొద్దని చెప్పండి, వేడికి ఆగదు' అన్నడు. దొంగ అయితే తన సంగతి సూసుకుంటడు గానీ చిప్ సంగతి ఎందుకు?"

చీఫ్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ధర్మాకు ఎనిమిది రాత్రుల నుంచి సరిగ్గా నిద్ర లేదు. కళ్లు మూస్తే ఆ కుర్రాడి మణికట్లే కనిపిస్తున్నాయి. తొందరపడి తప్పు చేశానని తెలిసిపోతూనే ఉంది, కానీ ఆ తప్పును ఎట్లా విప్పాలో తెలియడం లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని చిన్నపిల్లలకు చెప్పినంత సులువా సొంతంగా కడుక్కోవడం!

చీఫ్ గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. "నెమలి నుంచి ఖబర్ వచ్చింది. మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీల మిషిన్లు బిగిస్తానికి వాల్టర్ అని ఒక దొర వచ్చిండు. అదంతా పై వేషం. రింగుకు లీడర్ వాడే. చిప్‌ను చేతిల పట్టుకొని ఆడే వీడియో గేమ్ సెట్టుల దాచిండ్రు. రెండు సెట్లున్నయ్. ఒకటి ఫాల్కన్, ఒకటి పెబుల్. చిప్ ఫాల్కన్ల ఉన్నదట. వాల్టర్ మధ్యాహ్నం కోదాడల అది తీస్కొని కారుల బెజవాడ, ఆణ్నుంచి మద్రాసు పోర్టు. నువ్వు వాని తోక పట్టుకొని పోవాలె. అంతే నీ డ్యూటీ."

"పెబుల్ ఎవరి దగ్గరుంటది?"

"నెమలి దగ్గర. ఉత్తదేనట, వాడు గిఫ్టిచ్చిండట. ఆమె రిపోర్టు మిర్యాలగూడ లాడ్జిల, తనుండే పన్నెండు నంబరు రూము ముంగట నీళ్లకుండ కింద పెట్టింది. పొయ్యేటప్పుడు తీస్కో. నీకు దువ్వెనలమ్మెటోని వేషం."

"మొన్న కూడా దువ్వెనలే కద సార్."

"స్టాక్ మిగిలింది," అన్నాడు చీఫ్ మొహం అటు తిప్పుకుని.

*

ధర్మా నిడమనూరు దగ్గర తండాలో పుట్టినవాడు. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, పట్టుబడితే ఉర్దూ మాట్లాడతాడు. ఏజెంట్ ట్వంటీసెవెన్ అని ఫైళ్లలో పెద్ద పేరుంది. కానీ వీడియో గేమ్ సెట్టు అంటే ఏమిటో మాత్రం ఆయనకు తెలియదు. తెలియనిదాన్ని వెంటాడడం ఆయనకు నచ్చదు. అందుకే జీపు స్టార్ట్ చేయకముందు బస్టాండు ఎదురుగా క్యాసెట్ల షాపు మేడ ఎక్కాడు.

మేడ మీద బిక్షం అనే ముప్పై ఏళ్ల ఆసామి వీడియో గేమ్ సెంటర్ నడుపుతున్నాడు. మద్రాసు వెళ్లి ఫారిన్ సరుకు తెచ్చుకుంటాడు. ఫాల్కన్, పెబుల్ రెండూ అద్దాల బీరువాలో ఉన్నాయి.

"ఈ రెండిట్ల ఏది గట్టిది తమ్మీ?" అడిగాడు ధర్మా.

బిక్షం మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న అడిగే పెద్దమనిషి కోసం జన్మంతా ఎదురుచూస్తున్నట్టున్నాడు.

"బొమ్మల తాకత్ అడుగుతున్నవా కాకా? అయితే ఫాల్కన్! ఇగ సూడు, రంగులు. తెర ఎనక లైటు. బొమ్మ ఎంత సాఫ్‌గ ఉరుకుతదో సూడు, ఆగుడే లేదు. గిదేమో పెబుల్. బూడిద రంగు డబ్బా. లైటు లేదు. రంగుల్లేవు. నలుపు, అటెన్క రెండు మసకలు, అటెన్క తెలుపు. నాలుగే."

"గంతేనా తేడా?"

"ఇంకుంది. గీ విమానాల క్యాసెట్ పెడ్త, ఆగు." పెబుల్‌లో క్యాసెట్ గుచ్చి మీట నొక్కాడు. "ఈ ఆటల పద్నాలుగు విమానాలు ఒకే వరుసల వస్తయ్. లెక్కవెట్టు."

ధర్మా కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టాడు. పది. మిగతావి ఉండీ లేనట్టు మిణుకుమిణుకుమంటున్నాయి.

"చూసినవా? ఒక్క గీత మీద పది బొమ్మలే గీయగలదు పెబుల్. పదకొండోది వచ్చిందంటే దీని చిప్‌కు చేత కాదు. దేవుడు దిగొచ్చినా చేత కాదు. ఫాల్కన్ల అదే ఆట పెడితే పద్నాలుగుకు పద్నాలుగు కనబడ్తయ్."

"అయితే అందరూ ఫాల్కనే కొంటరు కదా."

"ఎవడు కొంటడు కాకా!" బిక్షం ఒక్కసారిగా నీరుగారిపోయాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ. గంత బొమ్మ గీయాల్నంటే గంత తిండి గావాలె. ఆరు సెల్లు వేస్తే మూడు గంటలల్ల ఖతం. పెబుల్‌కు నాలుగు సెల్లేస్తే ముప్పై గంటలు. ఇంత గంజి పోస్తే బతుకుతది, మన గరీబోని లెక్క. ఊరంతా గదే అడుగుతరు."

ధర్మాకు పెబుల్ మీద ఏదో అభిమానం కలిగింది. విమానాల క్యాసెట్‌తో సహా ఒక్కరోజుకు అరువివ్వమన్నాడు. జామీను కింద చేతి వాచీ అడిగాడు బిక్షం. ఆ వాచీలో డిపార్ట్‌మెంటు అమర్చిన సీక్రెట్ ట్రాన్స్‌మిటర్ ఉంది. మూడేళ్లుగా అది పనిచేయడం లేదు గనుక ధర్మా నిశ్చింతగా విప్పి ఇచ్చేశాడు.

*

మిర్యాలగూడలో వడ్ల లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. మిల్లుల్లోంచి ఊక దుమ్ము. మెడలో దువ్వెనల డబ్బా వేలాడేసుకుని, తలకు తువ్వాలు చుట్టి ధర్మా లాడ్జి మెట్లెక్కాడు. రెండో అంతస్తు వరండాలో నీళ్లకుండ కింద ఎర్ర కవరు ఉంది. విప్పి చదివాడు. 'చిప్ ఫాల్కన్‌లో ఉంది. పెబుల్ ఖాళీ. నెమలి.'

నెమలి అసలు పేరు జానకి. వేములపల్లి పిల్ల. పదేళ్ల కిందట కాలేజీలో ఉండగా ధర్మానే ఏరి డిపార్ట్‌మెంటులోకి తెచ్చాడు. అప్పుడు వాయిల్ చీర, రబ్బరు చెప్పులు. ఇప్పుడు నల్లకళ్లద్దాలు, పారిస్ సెంటు, మూడు విదేశీ భాషలు. కార్లోంచి ఆమె దిగితే ట్రాఫిక్ పోలీసు విజిల్ ఊదడం మర్చిపోతాడని ఆఫీసులో చెప్పుకుంటారు. లేబొరేటరీలో ఆమె పైకి సెక్యూరిటీ ఆఫీసరు.

వరండా ఊడుస్తున్న ముసలామె దగ్గరకొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టింది. పేరు నర్సమ్మ.

"పేండ్ల దువ్వెన ఉన్నదా కొడుకా?"

"ఉన్నదవ్వా. పన్నెండు నంబరు రూముల మేడమ్‌కు కూడా అమ్ముదామని వస్తి. ఉన్నదా?"

"పొద్దుగాలనే పాయె. మంచిది బిడ్డ. గంత పెద్దింటి పిల్ల లెక్క ఉంటదా, అయినా అన్నీ మన తీర్గనే. మూడు దినాల సంది సూస్తున్న. పొద్దున లేస్తే సెల్లు తెచ్చి గా పిట్టగోడ మీద ఎండల పెడ్తది. మల్ల మాపటీలికి తీస్కపోతది. 'కొత్తయి కొనుక్కోరాదమ్మా, నీకేం తక్కువ' అంటే నవ్వుతది."

ధర్మా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"ఎన్ని సెల్లవ్వా? ఆరా?"

"నాలుగు."

"సరిగ్గ యాద్ చేసుకో."

"ఓయమ్మ, నాలుగేరా! ఊడ్చేటప్పుడు ఎంచుకుంటనే ఊడ్చిన. ఒకటి కిందపడి పోతే నా మీదికి రాదా?"

ధర్మా పిట్టగోడ మీదే కూలబడ్డాడు. ఈ జిల్లాలో ఏ ఇంట్లో చూడండి, రేడియో గొంతు బొంగురుపోతే సెల్లు తీసి ఎండలో పెడతారు, టార్చిలైటు మసకబారితే ఎండలో పెడతారు. ఎండకు సెల్లు కాస్త లేచి కూర్చుంటాయి, ఇంకో పూట గడుస్తుంది. పారేయడానికి మనసొప్పదు. జానకికి డిపార్ట్‌మెంటు పంపిన విదేశీ స్కూల్లో పిస్టల్ నేర్పారు, విషం నేర్పారు, ఫోర్కుతో చేప తినడం నేర్పారు. చచ్చిన సెల్లు చెత్తబుట్టలో వేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

నాలుగు సెల్లంటే పెబుల్. ముప్పై గంటలు రావలసిన సెల్లు రోజుకొకసారి ఎందుకు చస్తున్నాయి? ఫాల్కన్ లాగా సెల్లు మింగేది ఏదో పెబుల్ కడుపులో ఉంది గనుక. గంత బొమ్మ గీయాలంటే గంత తిండి కావాలి.

అంటే కవరులో రాసింది అబద్ధం. చీటీ పుట్టించిందీ జానకే. రెండు పక్షాల జీతం తింటున్నది తన చేతుల్తో పెంచిన పిల్లే. ధర్మాకు కోపం కూడా రాలేదు. పౌలు అమాయకుడని రుజువైనందుకు సంతోషించాలో, పదేళ్ల నమ్మకం ఊకలా ఎగిరిపోయినందుకు ఏడవాలో తెలియక, నర్సమ్మకు దువ్వెన ఊరికే ఇచ్చేసి లేచాడు.

*

కోదాడ హైవే హోటల్. గోడ గడియారంలో ఒకటిన్నర. ఫ్యాను కింద బల్ల దగ్గర ఎర్రగా కందిన మొహంతో వాల్టర్, ఎదురుగా నెమలికంఠం రంగు షిఫాన్ చీరలో జానకి. బల్ల మీద రెండు సెట్లు పక్కపక్కనే వెలుగుతున్నాయి. సరుకు బతికుందో లేదో చివరిసారి సరిచూసుకుంటున్నారు.

"దువ్వెనలు! పేండ్ల దువ్వెనలు! తాళాలు!" అని అరుస్తూ ధర్మా వాళ్ల వెనక్కి చేరాడు.

ఫాల్కన్‌లో రంగురంగుల విమానాలు. అది మామూలే. బూడిదరంగు పెబుల్‌లోనూ అదే ఆట. ధర్మా పెదాలు కదపకుండా లెక్కపెట్టాడు. పది, పదకొండు, పన్నెండు... పద్నాలుగు. ఒక్కటి కూడా మిణుకుమనలేదు. దేవుడు దిగొచ్చినా చేతకానిది ఆ డబ్బా తాపీగా చేస్తోంది.

"గుడ్," అన్నాడు వాల్టర్.

జానకి పెబుల్ ఆర్పేసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. తలెత్తి ధర్మాను చూసింది. ఆయన వస్తాడని ఆమెకు ముందే తెలుసు కదా, ఒక దువ్వెన తీసుకుంటున్నట్టు నటిస్తూ పెదవి కదలనీయకుండా అంది. "ఫాల్కన్ వాని చేతులనే ఉన్నది. కారు నంబరు సూసుకో అన్నా."

"సూసుకున్న చెల్లె," అన్నాడు ధర్మా.

వాల్టర్ కారు బెజవాడ వైపు కదిలింది. జానకి ఎదురుగా ఆగి ఉన్న హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ బస్సు వైపు నడిచింది. ఆమెకు రాత్రికి విమానం. డిపార్ట్‌మెంటు మనిషి గనుక ఎయిర్‌పోర్టులో సంచి వెతికేవాడే ఉండడు. వాల్టర్ వెనక దేశమంతా పరుగెత్తుతుంటే అసలు సరుకు దర్జాగా దేశం దాటుతుంది. ధర్మా మనసులోనే శభాష్ అన్నాడు. నేర్పినవాడు తనే మరి.

జీపులో వైర్‌లెస్ గొణిగింది. "ట్వంటీసెవెన్, ఫాల్కన్ కదిలిందా? ఓవర్."

"కదిలింది సార్. నేను పెబుల్ ఎనక పోతున్న."

"పాగల్ అయినవా? కారెనక పో. ఇది ఆర్డర్. ఓవర్."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. తన లెక్క తప్పయితే చిప్ మద్రాసులో ఓడెక్కుతుంది, పౌలు జైలుకు పోతాడు, తను ముసలితనంలో ఎంక్వయిరీ కమిషన్ ముందు నిలబడతాడు. ఇక్కడే జానకిని పట్టుకుందామా అంటే, పోలీసు స్టేషన్లో ఆమె కార్డు చూపిస్తే సెల్యూట్ కొడతారు. వేషంలో ఉన్న తన దగ్గర దువ్వెనలు తప్ప కార్డు లేదు. చీఫ్ ఉన్నది సూర్యాపేటలో, బస్సు వెళ్లేదీ ఆ దారినే.

"సిగ్నల్ సక్కగ వస్తలేదు సార్," అని వైర్‌లెస్ కట్టేసి, జీపును అక్కడే వదిలి, ధర్మా బస్సెక్కాడు.

*

బస్సులో జానకి ముందు వరుసలో కూర్చుంది, స్త్రీలకు కేటాయించిన సీటులో. ఆమె పక్కన ఒక పెద్దావిడ. ధర్మా మోకాలు ఎంత మొత్తుకున్నా పైన కమ్మీ పట్టుకుని నిలబడవలసిందే. దేశరక్షణ కోసమని ఆడవాళ్ల సీటులో కూర్చుంటే ఈ బస్సులో ఒప్పుకోరు.

మునగాల దగ్గర పెద్దావిడ దిగింది. ధర్మా చటుక్కున కూర్చున్నాడు.

"ఓ పెద్దమనిషీ, కండ్లు కనబడ్తలేవా? లేడీస్ సీటు!" వెనకనుంచి ఎవరో అరిచారు.

"మా చెల్లె," అన్నాడు ధర్మా. అక్కడితో గొడవ ఆగింది.

జానకి నల్లకళ్లద్దాలు తీసింది. కళ్ల కింద చారలు. ఆమె కూడా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"కారెనక పోలేదేందన్నా?"

"పెబుల్‌ల పద్నాలుగు విమానాలు కనబడ్డయ్."

ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. "వీడియో గేములు నీకెట్ల తెలుసు?"

"తెలువదు. నువ్వు సెల్లు ఎండల పెట్టినవని తెలుసు."

జానకి మొహం పాలిపోయింది. అంతలోనే నవ్వొచ్చింది. "అయ్యో... మా అమ్మ రేడియో సెల్లు గట్లనే పెట్టేది. నాకు సోయి కూడా లేదన్నా. చెయ్యి దానంతటదే పెట్టింది."

"ఎందుకు చేసినవ్ చెల్లె?"

"పదేండ్లాయె. ఎవరి తరఫున అబద్ధం ఆడుతున్ననో నాకే యాదుంటలేదు. వాల్టర్ ఇంకో దేశంల ఇల్లిస్తనన్నడు. ఏ పేరూ లేకుండ పండుకునేతందుకు ఒక ఇల్లు."

"మరి పౌలు?"

ఆమె హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. సెంటు బుడ్డి తీసి ధర్మా మొహం మీద కొట్టింది. మత్తు గ్యాసు. అయితే ఆ బుడ్డి తయారుచేసిన ఫారిన్ సైంటిస్టు అద్దాల్లేని బస్సు కిటికీలు ఎన్నడూ చూసి ఉండడు. గాలి విసురుకు గ్యాసంతా వెనక్కి పోయి, లేడీస్ సీటని అరిచిన మనిషి నిద్రలోకి జారుకున్నాడు. ధర్మాకు రెండు తుమ్ములు వచ్చాయి.

రెండో తుమ్ము తుమ్మేలోపల జానకి పెబుల్ తీసి మీట నొక్కింది. రెండు బొటనవేళ్లూ రెండు బటన్ల మీద పెట్టింది.

"ఇవి రెండూ కలిపి మూడు సెకండ్లు నొక్కి పడితే లోపలి తీగ కాలుతది. చిప్ బూడిదైతది. అటెన్క నా మీద సాక్ష్యం లేదు, నీ పౌలుకూ లేదు. నన్ను దిగనియ్యన్నా."

"దిగనియ్య."

"నొక్కుతున్న!"

ఆమె నొక్కింది. ఒకటి. తెర మీద విమానాలు వణికాయి. రెండు. తీగ వేడెక్కి ప్లాస్టిక్ కమురు వాసన వచ్చింది. మూడు అనేలోపల తెర మసకబారి, బూడిదరంగు గుడ్డపేలికలా మారి, ఆరిపోయింది.

జానకి మళ్లీ మళ్లీ నొక్కింది. ఎండలో పెట్టి లేపిన సెల్లు బొమ్మ చూపించడానికి సరిపోతాయి గానీ, తీగ కాల్చేంత బలం వాటికెక్కడిది? ఉన్న కాస్తా కోదాడలో వాల్టర్ ముందు ఆడించేసింది.

ధర్మా ఆమె చేతుల్లోంచి పెబుల్ నెమ్మదిగా తీసుకున్నాడు. ఆమె ఆపలేదు.

"టైం ఎంతయింది?" అడిగాడు.

"నీ వాచీ ఏది?"

"జామీను పెట్టిన."

"మూడు నలభై," అంది జానకి, తన చేతి గడియారం చూసి. పదేళ్లలో ఆమె ఆయనకు చెప్పిన నిజాల్లో అదొకటి.

*

గెస్ట్‌హౌస్ ముందు వ్యాను స్టార్టయి ఉంది. లోపల బేడీలతో పౌలు. మెట్ల మీద చీఫ్, సఫారీ సూటులో ఢిల్లీ ఆఫీసరు. ఆటో దిగి కుంటుకుంటూ వస్తున్న ధర్మాను, వెనక హ్యాండ్‌బ్యాగు కూడా లేకుండా నడిచొస్తున్న జానకిని చూసి చీఫ్ నోరు తెరిచాడు.

"చిప్ దొరికింది సార్," అన్నాడు ధర్మా రొప్పుతూ, పెబుల్ చూపించి.

"వాట్ ఈజ్ దిస్? టాయ్?" ఢిల్లీ ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఫోర్ ఓ క్లాక్. లెట్స్ గో."

డ్రైవరు గేరు వేశాడు. ధర్మా వెళ్లి వ్యాను ముందు నిలబడ్డాడు. బంపరు మోకాలికి తగిలింది, సలిపే మోకాలికే. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"రెండు నిమిషాలు సార్! విమానాలు ఎంచుండ్రి, సాలు!"

ముందు ధర్మా దువ్వెనల డబ్బా అడుగు నుంచి, బిక్షం అరువిచ్చిన పెబుల్ తీశాడు. క్యాసెట్ ఆడింది. చీఫ్, ఢిల్లీ ఆఫీసరు ఇద్దరూ తలలు వంచి వేలు పెట్టి లెక్కపెట్టారు. పది. మిగతావి మిణుకుమిణుకు. తర్వాత అందులోని నాలుగు సెల్లూ, క్యాసెట్టూ తీసి జానకి పెబుల్‌లో వేయబోయాడు.

"ఆగండి సార్!" వ్యాను కిటికీలోంచి పౌలు అరిచాడు. "కమురు వాసనొస్తోంది. వెనక మూత తీసి చూడండి, చిప్‌కి నేను బిగించిన ఎర్ర తీగుందా? దాన్ని పీకెయ్యండి ముందు. పీకారా? చిప్‌కి చెయ్యి తగలనీకండి. ఇప్పుడు పెట్టండి."

పెట్టారు. అదే డబ్బా, అదే ఆట, అవే సెల్లు. తెర మీదికి విమానాలు బారులు తీరి వచ్చాయి. చీఫ్ ఒకసారి లెక్కపెట్టాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు.

"పద్నాలుగు," అన్నాడు.

"ఫోర్టీన్," ఒప్పుకున్నాడు ఢిల్లీ ఆఫీసరు. "బట్ హూ ఈజ్ ద థీఫ్?"

అందరూ జానకి వైపు చూశారు. ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పుల పట్టీ విప్పుకుంటోంది.

"నేనే. చీటీ కూడా నేనే పెట్టిన," అంది ఎవరి మొహమూ చూడకుండా. "ఆ పిలగానితోని నాకు పగేం లేదు. సొరుగుకు తాళం ఏసుకోడు, గంతే."

పౌలు బేడీలు విప్పి జానకికి వేశారు. బెజవాడలో వాల్టర్ కారు ఆపిన పోలీసులకు ఫాల్కన్‌లో ఫాల్కన్ తప్ప ఏమీ దొరకలేదు. వాడు పుట్టిన దేశానికి వాడిని విమానం ఎక్కించారు.

ధర్మా పౌలు ఎదుట నిలబడ్డాడు.

"తప్పయింది తమ్మీ. నాదే తప్పు."

"నాతో అంటే ఏం లాభం సార్?" పౌలు గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "మా అమ్మ మరియమ్మ ఊళ్లో ఉంటది. దేశద్రోహి తల్లని చర్చిలో ఆమె చాప మీద ఎవరూ కూర్చోవట్లేదంట. నేను చెబితే కొడుకు కదా అంటారు. మీరు రాసివ్వండి. సంతకం పెట్టి మరీ ఇవ్వండి. ఆదివారం పాస్టరుగారు అందరి ముందూ చదువుతారు."

"రాసుడు కుదరదు," చీఫ్ అడ్డం వచ్చాడు. "రూలు ప్రకారం ఈయనకు పేరే లేదు. సంతకం పెట్టినంక ఏజెంటుగ ఒక్కరోజు కూడా ఉండనియ్యరు. ధర్మా, ఇంటున్నవా?"

ధర్మా అప్పటికే ఆయన జేబులోంచి పెన్ను లాక్కున్నాడు. 'పౌలు దొంగ కాదు. తొందరపడి, విచారించకుండా అతనికి బేడీలు వేసినవాణ్ని నేను. మరియమ్మగారు నన్ను క్షమించాలి.' కింద సొంత పేరు, తండ్రి పేరు, తండా పేరు. ముప్పై ఏళ్ల సర్వీసులో అసలు పేరుతో చేసిన మొదటి సంతకం, అలవాటు లేక అక్షరాలు వంకర పోయాయి.

ఆదివారం ఆ కాగితాన్ని పాస్టరుగారు రెండుసార్లు చదివారు. కిందటి వారం దూరం జరిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మరియమ్మ చాప మీద కూర్చున్నారు. ఆమె వాళ్లను చూడలేదు. గుమ్మం అవతల, చెప్పుల కుప్ప పక్కన, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఒక కుంటి మనిషినే చూస్తోంది.

లేచి నెమ్మదిగా ఆయన దగ్గరికి వచ్చింది.

"మా వాడికి సంకెళ్లేసింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

మరియమ్మ ఆయన మొహం మీది తువ్వాలు పక్కకు జరిపింది. "ఎండలో నిలబడ్డావేంది? లోపలికి రా. ప్రార్థనయ్యాక అన్నం తినిపో," అంది.

ముప్పై ఏళ్లలో మూడు దేశాల గూఢచారులు ఏ వేషంలోనూ గుర్తుపట్టలేకపోయిన ఏజెంట్ ట్వంటీసెవెన్‌ను, కోదాడ పక్క పల్లెటూళ్లో చదువురాని ఒక ముసలామె నిలబడ్డ తీరు చూసి పట్టేసింది.